బావ కంటి నలుపు

ఆముదమే, అనుమానం లేదు, మూడో నెల పడ్డాక నా ముక్కుకు పక్కింటి పోపు కూడా దాగడం లేదు, వీరేందర్ బావ తల పెట్టుకునే దిండు మీద ఈ నల్లటి మరక, వేలితో రుద్దితే జిడ్డు, బొగ్గుపొడి అయితే గరగరమంటుంది, ఇది కాటుక, పసిపిల్లలకు పెట్టే ఆముదం కాటుక, మా ఇంట్లో పసిపిల్ల ఎక్కడుంది, ఉండాల్సింది పోయినేడు కడుపులోనే పోయింది, ఇప్పటిది నిలబడుతుందో లేదో తెలియదు, మరి పెళ్ళాన్ని నన్ను ఇక్కడ పడుకోబెట్టి ఏ పసిపిల్ల ఉన్న ఇంటికి పోయి వస్తున్నాడు ఈయన, అడిగితే అత్తమ్మ ఏమంటుందో నాకు తెలుసు, ఫికర్ చెయ్యకు మమతా, కడుపుతోని ఉన్నదానివి, పండుకో పో.

పడుకుంటే నిద్ర వస్తే కదా, గోదావరిఖనిలో పుట్టి పెరిగినదాన్ని, మా నాయన కళ్ళు చూడలేదా, బొగ్గుబాయిలో దిగి వచ్చిన మనిషి ఎంత తోముకున్నా రెప్పల అంచున బొగ్గు పోదు, కాటుక పెట్టినట్టే ఉంటుంది, బావదీ బాయి పనే, ఆయన కళ్ళకూ ఆ నలుపు ఉంది, కానీ ఈ మధ్య మరీ తీరుగా ఉంది, చెవి వెనక లేదు, గోళ్ళ సందున లేదు, అంటే బాయికి పోవడం లేదు, టిఫిన్ డబ్బా మాత్రం రోజూ పోతోంది, ఖాళీ అయి వస్తోంది, ఎవరు తింటున్నారో, నిన్న ఫోన్లో గొంతు తగ్గించి, గామెకు తెల్వద్దు, అన్నాడు, గామె నేనే కదా, మొన్నెప్పుడో సైరన్ మోగినట్టయి లేచి కూర్చుంటే, టీవీల మోగింది, పండుకో, అంది అత్తమ్మ, పక్కింటి సారక్క ఉప్పు కావాలని వచ్చి, నా మొహం చూసి, ఉప్పు తీసుకోకుండానే పోయింది, అందరూ ఒక్కటే, తెలియనిది నాకొక్కదానికే.

పోయినేడు బాయిలో బండ కూలిందంటే చెప్పులు లేకుండా ఉరికాను, బావ క్షేమంగానే పైకి వచ్చాడు, తర్వాత కొద్దిరోజులకే కడుపు పోయింది, బుగులుపడ్డందుకే పోయిందని అత్తమ్మ ఇప్పటికీ నమ్ముతుంది, దవాఖానలో విద్య మేడం, కోస్తా ఆవిడ, అలా కాదమ్మా, ఒక్కసారి భయపడితే కడుపు పోదు, మొదటి నెలల్లో పోయేవి చాలావరకు ఎవరి తప్పూ కాదు, కాకపోతే రోజుల తరబడి దిగులు పెట్టుకుంటే నిద్రుండదు, తిండి సహించదు, అది నీకూ బిడ్డకూ మంచిది కాదు, మనసులోది ఎవరికైనా చెప్పుకో, అంది, ఎవరికి చెప్పుకోను మేడం, చెప్పుకోవాల్సిన మనిషే కాటుక పెట్టుకు తిరుగుతున్నాడు, అన్నం చూస్తే వాంతి, గుండె దడదడ, పొద్దుటి నుంచి పొత్తికడుపు సన్నగా గుంజుతోంది, ఎవరికీ చెప్పలేదు, చెప్తే మళ్ళీ నా మీదికే వస్తుంది, ఫికర్ చెయ్యకంటే విన్నవా అని.

బండి చప్పుడు, బావదే, ముందర ఆగకుండా వెనక సందులోకి పోయింది, దొంగ, ఇవ్వాళ దొరికాడు, చప్పుడు కాకుండా లేచి వంటింటి తలుపు సందులోంచి చూస్తే, పెరట్లో పీట మీద బావ, ఎదురుగా వంగి అత్తమ్మ, ఒక చేత్తో గడ్డం పట్టుకుని చిటికెన వేలితో కాటుక దిద్దుతోంది, ముప్పై ఏళ్ళ కొడుక్కి, కదలకు కొడుకా, నిన్న ఎక్కువైంది, ఇయ్యాల పల్చగ పెడ్త, నాకు నవ్వొచ్చింది, అంతలో బావ అత్తమ్మ చెయ్యి పట్టుకుని ఆపాడు, ఎన్ని దినాలు దాస్తమే అవ్వ, మొన్న సైరన్ మోగిన నాడు బండ కూలి, నాతోని పనిచేసే బిక్షమన్న కాలు తీసేసిన్రు, గా బండ నా పక్కకే వడ్డది, మళ్ల బాయిల దిగుమంటె నాతోని అయితలేదు, బాయి పైన్నే, దిగేటోళ్లకు లైట్లిచ్చే కాడ కూసోని వస్తున్న, మూడు నెలలు నిండనీ కొడుకా, ఇప్పుడే తెలిస్తె పోయినేటి లెక్కనే అయితది.

ఏ ఇల్లూ లేదు, ఏ ఆడదీ లేదు, బాయిలో దిగి వచ్చినట్టు కనబడాలని కాటుక పెట్టించుకునే భయపడ్డ మనిషి ఒకడున్నాడు, అంతే, పక్కనే బండ కూలిన మనిషి నా పక్కనే పడుకుని నోరు మూసుకుంటే, నేను లేని సవతిని తిట్టుకుంటూ తెల్లవార్లూ మేలుకున్నాను, భయం నాకు తగలకూడదని వీళ్ళు దాచారు, దాచినందుకే నా నిద్ర పోయింది, తిండి పోయింది, నేనూ తక్కువదాన్ని కాదు, గుంజే కడుపును దాచుకుని కూర్చున్నాను, ఈ ఇంట్లో బిడ్డను కాపాడుతున్నామనుకుంటూ ముగ్గురం చేస్తున్నది ఇదీ, తలుపు తోశాను, బావ ఉలిక్కిపడి మొహం తిప్పుకున్నాడు, ఆటో పిలువు బావ, పొద్దటిసంది పొత్తికడుపు గుంజుతున్నది, దవాఖానకు పోదాం, బండ సంగతి తొవ్వల చెప్పు, అంతా చెప్పు, తెలిస్తె ఏడుస్త, గంతే, తెల్వకుంటెనే నా పానం పోతది.