నాయకుడనే మాట

వేణుమాధవ్ బొగ్గుబాయిలో దిగడం మొదలుపెట్టి ఇరవై ఆరేళ్లు. అన్నేళ్లలో ఒక్క రోజు గురించి మాత్రమే అతనికి కథ రాయాలనిపించింది. పన్నెండేళ్లు మనసులోనే నాన్చి, చివరికి మొన్నటి వానాకాలంలో కూతురు సహస్ర సగం వాడి వదిలేసిన నోటుబుక్కు తీసుకుని పద్నాలుగు పేజీలు నింపాడు. గోదావరిఖనిలో తనలాగే షిఫ్టులు చేస్తూ కథలు రాసేవాళ్లు నలుగురైదుగురు కలిసి ఒక పుస్తకం వేస్తున్నారు. అందులోకి ఇద్దామని ఆశ.

ఇచ్చేముందు ఒకసారి అనంతరామ్ సారుకు చూపించాలనుకున్నాడు. బడిలో తెలుగు చెప్పిన సారు. రిటైరై మంథనిలో ఉంటున్నాడు. వారపు సెలవు నాడు వేణుమాధవ్ బస్సెక్కి వెళ్లాడు.

సారు కళ్లజోడు సవరించుకుని మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివాడు. అక్షర దోషాలు ఎక్కువ దిద్దలేదు. కానీ ఒకే మాట కింద ప్రతిచోటా ఎర్రగీత పడింది. వేణుమాధవ్ లెక్కపెట్టుకున్నాడు. పదకొండు గీతలు. ‘నేను’ అని రాసుకోవడానికి సిగ్గుపడి, తన గురించి చెప్పాల్సినప్పుడల్లా ‘మన కథానాయకుడు’ అని రాశాడు.

తప్పేముంది సార్, కథ నాకు జరిగిందే కదా అన్నాడు.

“జరిగినోడల్లా నాయకుడు కాడు వేణూ,” అన్నాడు సారు. “సంస్కృతంల ‘నీ’ అని ఒక ధాతువుంది. తీసుకపోవుడు, నడిపించుడు అని అర్థం. నాయకుడు, నాయిక, రెండూ దాంట్లకెల్లే పుట్టినయి. అందగాడా, బలవంతుడా అని కాదు. కథను ముందటికి తీసుకపోయేటోడు నాయకుడు. నీ కథల ఎవరు ఎవరిని తీసుకపోయిండ్రు?”

వేణుమాధవ్ నోటుబుక్కు తీసుకుని బయల్దేరాడు. తిరుగు బస్సులో దారి పొడుగునా ఆ రోజే కళ్లముందు నిలిచింది.

ఆనాడు మొదటి షిఫ్టు. తను కాకా అని పిలిచే పెద్ద కార్మికుడు గట్టయ్య, తను, ఇద్దరే ఒక మూల పైకప్పుకు ఆసరాగా కర్ర దిమ్మెలు నిలబెడుతున్నారు. పైకప్పు చిటపటమంది. గట్టయ్య అతన్ని రెక్క పట్టి ఇవతలికి గుంజాడు. ఆ వెనకే కప్పు కూలింది. వచ్చిన దారి మూసుకుపోయింది. తన తలమీది దీపం బండ కింద పోయింది, గట్టయ్య దీపం కొంతసేపు మినుకుమని అదీ ఆరిపోయింది. అంత చీకటి భూమ్మీద ఎక్కడా ఉండదు. వేణుమాధవ్ ఉన్నచోటే నిలబడిపోయాడు. గట్టయ్య అతని చెయ్యి తీసుకుని తన నడుము బెల్టు మీద పెట్టాడు. గాలి ముఖానికి ఏ వైపు నుంచి తగులుతుందో చూసుకుంటూ, గోడ తడుముకుంటూ, పాత దారుల్లోంచి నడిచాడు. రెండు గంటల తర్వాత, వెతుక్కుంటూ వస్తున్న మనుషుల దీపాలు కనబడ్డాయి.

ఇల్లు చేరాక వేణుమాధవ్ కొత్త పేజీలు మొదలుపెట్టాడు. ఈసారి కథానాయకుడు గట్టయ్య. రాయడం పూర్తి కాగానే బెల్లంపల్లి వెళ్లాడు. గట్టయ్య రిటైరయ్యాక భార్య పూలమ్మతో అక్కడే ఉంటున్నాడు, చిన్న కిరాణం నడుపుతున్నాడు.

వేణుమాధవ్ అరుగుమీద కూర్చుని చదివాడు. పూలమ్మ బీరకాయలు కోసుకుంటూ గడపలో కూర్చుంది. ‘మన కథానాయకుడు గట్టయ్య’ అన్న మాట రాగానే గట్టయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. తనేనాడూ ఏ యూనియన్‌లోనూ పోటీ చెయ్యలేదని, నాయకుడని రాస్తే నలుగురూ నవ్వుతారని, ఆ మాట కొట్టెయ్యమని అన్నాడు. వేణుమాధవ్ నవ్వు ఆపుకుని సారు చెప్పిన అర్థం చెప్పాడు. తీసుకపోయినవాడే నాయకుడు కాకా, నన్ను నువ్వే కదా తీసుకుని పోయింది అన్నాడు.



“గా దారి నాకు ఎరుకేం కాదు బిడ్డా,” అన్నాడు గట్టయ్య. “నీకు భయమైతదని ఎరుకున్నట్టు చేసిన. నాకు గూడ భయమే అయింది. ఒక్కన్నే అయితే ఆడ్నే కూలబడుదును. ఎన్క నువ్వు బెల్టు పట్టుకొని ఉన్నవు. నేను కూసుంటే నువ్వు గూడ కూసుంటవు. గందుకే నడిచిన.”

పూలమ్మ కత్తిపీట పక్కకు జరిపింది. ఆనాడు భర్త మోచెయ్యి గీరుకుపోయి ఇంటికి వచ్చిన సంగతి ఆమెకు గుర్తుంది. బొగ్గు తొట్లు లాగే తాడు తగిలిందని చెప్పాడు. పన్నెండేళ్లూ ఆమె అదే నమ్మింది. ఇప్పుడామె కళ్లు తుడుచుకుని వేణుమాధవ్ వైపు తిరిగింది.

“బెల్టు పట్టుకున్న కాడికెల్లి మల్లొకసారి చదువు బిడ్డా.”

అతను మళ్లీ చదివాడు. చదవడం అయ్యాక, ఇన్నేళ్లుగా నోటిదాకా వచ్చి ఆగిపోయిన మాట అనేశాడు. “కాకా, నా బిడ్డ నన్ను నాన్నా అని పిలుస్తున్నదంటే నీ వల్లనే.” సహస్ర ఆ సంఘటన జరిగిన మరుసటేడు పుట్టింది. గట్టయ్య లోపలికి వెళ్లి మంచినీళ్ల చెంబు తెచ్చి అతని ముందు పెట్టాడు.

పూలమ్మ తినకుండా కదలనివ్వలేదు. జొన్నరొట్టె, బీరకాయ కూర వడ్డించింది. వెళ్లేటప్పుడు ఆ కాగితాలు ఇచ్చెయ్యమంది.

“నాకు సదువు రాదు. అయినా ఇంట్ల ఉండాలె,” అంది.

వేణుమాధవ్ ఇచ్చేశాడు. బస్టాండు నుంచే సారుకు ఫోను చేసి, ఒక కథకు ఇద్దరు నాయకులు ఉండొచ్చా అని అడిగాడు. వ్యాకరణానికి అభ్యంతరం లేదు, ముందు పోయి రాయి అన్నాడు సారు. ఆ వారమే డ్యూటీ నుంచి వచ్చాక మధ్యాహ్నాలు కూర్చుని, కథంతా గుర్తు మీదనే మళ్లీ రాశాడు. ఈసారి తొమ్మిది పేజీలే అయింది. ‘నేను’ అని రాయడానికి సిగ్గనిపించలేదు.