పద్దెనిమిదో కణం

ప్రాథమిక కణాలు ఎన్ని అన్న ప్రశ్నకు, పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే పదిహేడు అని రాసిన ముప్పై ఎనిమిది మందికి మార్కు పోయింది. పద్దెనిమిది అని రాసిన ఒక్క అమ్మాయికి వచ్చింది. ఆ మార్కుతో ఆమె అర మార్కు తేడాతో క్లాసులో ఫస్టు వచ్చింది. కొత్త కణం దొరికిందని ఆ వారమే పేపర్లో పడింది. దాన్ని వెతికే బృందంలో ఆమె తల్లి పనిచేస్తోంది.

మర్నాడు తల్లి జవాబుపత్రం పట్టుకుని స్టాఫ్‌రూముకు వెళ్లింది.

“మా అమ్మాయి మార్కు తీసేయండి మాస్టారూ. మాకింకా ఏ కణమూ దొరకలేదు.”

“అదేంటమ్మా! పేపర్లో మీ ఫొటో కూడా వేశారు.”

“ఫొటో నాదేనండీ, మాటలు వాళ్లవి.”

“సరే, లేదని రాసివ్వండి. ముప్పై ఎనిమిది పేపర్లు మళ్లీ దిద్దాలంటే హెడ్‌మాస్టారు ఊరికే ఒప్పుకోరు.”

‘ఉందని చెప్పడానికి ఇప్పటికి ఆధారాలు చాలవు’ అని ఆమె రాసింది. మాస్టారు దాన్ని రెండుసార్లు చదివారు.

“ఇంతకీ ఉన్నట్టా, లేనట్టా?”

“తెలియదండీ.”

“ఇన్నేళ్లు చదివి ఈ మాటా తల్లీ!” అని ఆయన నిట్టూర్చి, గొడవ లేకుండా ముప్పై తొమ్మిది మందికీ మార్కు వేశారు. అమ్మాయి మూడో ర్యాంకుకు దిగింది.

వరండాలో కూతురు తల్లి మీద విరుచుకుపడింది. “ఈ ముక్కేదో పేపరువాళ్లకే రాసివ్వచ్చుగా!”

“రాసిచ్చానే. ఆఖరి పేరాలో వేశారు. నువ్వు అక్కడిదాకా చదవలేదు.”