మసి అంటని సీసా

ఇది రెండువేల రెండు నాటి మాట. సీతారామలక్ష్మిగారి మడి ఎంతటిదంటే, పిఠాపురంలో ఆ వీధి కాకులు కూడా ఆవిడ ఆరేసిన చీర మీద వాలడానికి జంకేవి. అలాంటావిడ మనవరాలు ఫణిశ్రీ, పదో తరగతి. సీసాలో మబ్బు పుట్టించే ప్రయోగం కోసం ఆ పిల్ల సీసా కడిగితే ఇంకెలా కడుగుతుంది? చింతపండుతో తోమింది, బూడిదతో తోమింది, అడుగున కాసిని కాచి వడగట్టిన నీళ్లు పోసింది. "అగ్గిపుల్ల ఆర్పి, ఆ పొగ కాస్త సీసాలోకి వదలమ్మా" అని సైన్సు మాస్టారు చంద్రరావుగారు చెప్పిన ఒక్క పనీ ఎగ్గొట్టింది. మబ్బు చెయ్యమంటే మసి పూయడమేంటి అనుకుంది.

ఇంకేముంది! సోమవారం క్లాసులో అందరి ముందూ సైకిలు పంపుతో సీసాలోకి గాలి కొట్టి, బిరడా లాగింది. టప్పుమంది. మబ్బు లేదు, గిబ్బు లేదు. పిల్లలు పగలబడి నవ్వారు.

"బుధవారం ఇంకోసారి చూస్తానమ్మా. అప్పటికీ రాకపోతే గురువారం సామర్లకోట సైన్స్ ఫెయిర్‌కి వేరేవాళ్లని పంపాల్సొస్తుంది" అన్నారు మాస్టారు.

బుధవారం తెల్లారేసరికి ఫణిశ్రీ బయట చేరింది.

"మూడ్రోజులు ఆ వసారా గది దాటావంటే ఊరుకోను. బడీ లేదు, గుడీ లేదు" అంది మామ్మ, నాలుగు గజాల అవతల నిలబడి.

ఫణిశ్రీకి ఒళ్లు మండిపోయింది. "నేను వెళ్తున్నా మామ్మా. ఆపాలంటే వచ్చి నన్ను ముట్టుకో" అని సీసా చంకన పెట్టుకుని గడప దాటింది.

మామ్మ ముట్టుకుంటుందా? అలాగని వదుల్తుందా! మడిచీరతోనే, ఆ నాలుగు గజాలూ తగ్గకుండా, దారి పొడుగునా తిడుతూ బడిదాకా వెంటపడింది.

ఈసారి ఫణిశ్రీ పుల్ల గీసి, ఆర్పి, పొగ వదిలింది. చేతులు పడిపోయేలా పంపు కొట్టి బిరడా లాగింది. సీసా నిండా తెల్లటి మబ్బు కమ్మేసింది.

"గాలి ఒక్కసారి వ్యాకోచించి చల్లబడిందండి. ఆవిరి నీరవ్వాలంటే పట్టుకోడానికి ఏదో ఒక నలుసుండాలి. మొన్న నేను అది లేకుండా కడిగేశాను" అంది గుక్క తిప్పుకోకుండా.

"మసితో మబ్బేంటే! అప్రాచ్యపు మాటలూ నువ్వూను!" గుమ్మం బయటి నుంచి అరిచింది మామ్మ.

"పైనా ఇంతే మామ్మా. రోడ్డు మీది దుమ్ము, పొయ్యిలో పొగ, సముద్రం మీంచి లేచిన ఉప్పు. ఏదో ఒక నలుసు లేకుండా అక్కడ మబ్బు పుట్టదు. నువ్వు చూరు కింద బిందె పెట్టి మడికని దాచుకునేది ఆ మబ్బు కురిసిన నీళ్లే. అందులో దుమ్ము నీకు మడి. మరి నేనేం చేశానని దూరం పెడతావు?"

మామ్మ ఏదో అనబోయింది. ఫణిశ్రీ ఆగలేదు.

"మాస్టారండీ, రేపు సామర్లకోట బస్సు ఎన్నింటికండీ?"