సారు బెత్తానికి పూలదండ

ప్రభాకర్ సారు పదో దినానికి పొద్దుగాలనే పోయిన. సిద్దిపేటల ఆయన ఇంటి గేటు వెల్డింగ్ చేసింది నేనే. ఆ గేటు దాటి లోపలికి పోవుడు మాత్రం గదే మొదటిసారి.

ఫొటో పక్కన కుర్చీ మీద సారు బెత్తం పెట్టి, దానికి బంతిపూల దండేసిన్రు. పాత విద్యార్థులు ఒకరెన్క ఒకరు దాన్ని పట్టుకొని సెల్ఫీలు దిగుతున్నరు.

"నా వీపు మీద ఇసొంటియి ఎన్ని ఇరిగినయో!" అన్నడు ఉప్పలయ్య. ఏడో తరగతి నాతోనే చదివిండు, ఇప్పుడు ఎరువుల దుకాణం నడుపుతుండు. అందరు నవ్విన్రు.

నాకు నవ్వు రాలే. నేను ఒక్క మాట చెప్పనీకె పోయిన. సారు కొట్టిన దెబ్బకే నా ఎడమ చెవు పోయింది. ఆ ఇంట్ల ఒక్కరికన్న గది ఎరుక కావాలె. అంతే.

బడిల ఏసిననాడు మా బాపు, "కండ్లు రెండు ఉంచి తోలంత ఒలువున్రి సారూ" అన్నడు. అప్పట్ల తండ్రులందరు అట్లనే అనేటోళ్లు. సారు మాట తప్పలే. కండ్లు ఉంచిండు.

ఏడో తరగతిల ఒకనాడు పదిహేడో ఎక్కం సగంల ఆగిన. బెత్తం ఇరిగింది. ఇరిగినంక అరచెయ్యి లేచింది. ఎడమ చెవు మీద ఒక్కటి. తల పోయి గోడకు తాకితే, జుట్టు పట్టి గుంజి మళ్ల కొట్టిండు. ఆయన నోరు కదులుడు కనవడ్తుంది, మాట ఇనవడ్తలేదు. అంగి కాలరంత నెత్తురు. ఇంటికి పోతె బాపు ఇంకో రెండేసిండు. "సారు ఉత్తగనే కొడ్తడార?" రెండు నెలలు చీము కారింది. చదువు గాడికే బందు.

సారు కొడుకు నిఖిల్ మైకు పట్టిండు. "మా బాపు మమ్మల్ని ఏనాడు ఒక్క దెబ్బ కొట్టలే. అన్నం కలిపి ముద్దలు పెట్టేటోడు. కోపమంత మీకోసమే దాచిపెట్టుకున్నడు!"

మళ్ల నవ్వులు.

"పర్శరాములన్నా, రా. నువ్వు రెండు ముచ్చట్లు చెప్పు."

మైకు తీసుకున్న. "నా చెవు..." అన్న.

"మెలేసిండా అన్నా? గందుకే ఇయ్యాల వెల్డింగ్ షాపు పెట్టి బతుకుతున్నవ్!" అని నిఖిల్ నవ్విండు.

బెత్తం ఎప్పుడు నా చేతికొచ్చిందో తెల్వది. నిఖిల్ మొఖం మీద కొడితె బంతిపూలు చెదిరి పడ్డయి. బెత్తం ఇరిగింది. ఇరిగినంక అరచెయ్యి లేచింది. ఎట్ల లేస్తదో నాకు మంచిగ ఎరుకే. ఎన్కనున్న కుర్చీతోని సహా ఎల్లకిల పడ్డడు, పెదవి పగిలింది.

నలుగురు నా మీద పడ్డరు. "తాగొచ్చినవార కుక్కా!" అనుకుంట ఉప్పలయ్య డొక్కల తన్నిండు. ఇంకెవడో నా మొఖం బండకేసి రుద్దిండు. పన్ను కదిలింది.

"ఇడువున్రి ఆయన్ను!"

సారు భార్య పద్మమ్మ. అందరు ఎన్కకు జరిగిన్రు. ఆమె నా ఎడమ పక్కకొచ్చి, వంగి, ఏదో చెప్పింది. ఉప్పలయ్య తల దించుకున్నడు.

"ఇటు దిక్కు చెప్పమ్మా" అని తల తిప్పే లోపట, కొంగు నోట్ల కుక్కుకొని లోపలికి పోయింది.

నిఖిల్ నా ముంగటనే కూలవడి పెదవి తుడుసుకుంటుండు.

"మీ అమ్మ ఏమన్నది?" అని అడిగిన.

ఎక్కిరిస్తున్ననుకొని మీదికి లేవబోయిండు. నా మొఖం చూసి ఆగిండు. నా చెవు దిక్కు చూసిండు.

"నీకు... ఆ చెవు ఇనవడదా అన్నా?"

ముప్పైమూడేండ్లకు అడిగిన్రు ఆ ఇంట్లకెల్లి.

నోట్లె నెత్తురు ఉమ్మి, "ఇనవడదు" అన్న.