బట్టీ మీది జాడీలు

పొద్దున్నే రొట్టెలు బట్టీలోంచి దిగే వేళకి ఆ వీధి వీధంతా ముక్కు ఎగబీల్చేది. కొత్తగా కాపురానికి వచ్చిన బేకరీవాళ్ళ కోడలికి ఆ వాసనంటే ప్రాణం. అంతకన్నా ప్రాణం, మొగుడు మిగిలిపోయిన పిండితో రోజుకో బుల్లి జంతువును చేసి, కాల్చి, ఆమె టీకప్పు పక్కన పెట్టడం. ఓ రోజు ఎలుక, ఓ రోజు తాబేలు. తాబేలుకి ఎండుద్రాక్ష కళ్ళు.

"దీన్ని తింటే పాపం కదండీ!"

"తినకపోతే రాయైపోతుంది. అది ఇంకా పాపం."

మొగుడు తాగుతాడని మాత్రం పెళ్ళైన వారంలోనే తెలిసిపోయింది. ఎవరూ చెప్పలేదు. ఎదురింటి టీచరమ్మ చెప్పకనే చెప్పింది. ఆవిడ రోడ్డుకు అవతల నిలబడి, కౌంటర్లో ఎవరున్నారా అని మెడ చాచి చూసేది. అత్తగారో కోడలో ఉంటే రోడ్డు దాటేది. అతనుంటే ఏదో మరిచిపోయినట్టు వెనక్కి తిరిగేది. ఒకసారి తాగిన మత్తులో, వాళ్ళింటి పుట్టినరోజు కేకును పిల్లల కళ్ళముందే నేల మీద బోర్లించాడట. అప్పటి నుంచీ ఆ వీధిలో ఎవరూ పిల్లల్ని రొట్టెకి పంపడం లేదు.

అలాంటి ఇంట్లో ఆడపడుచు చిట్టికి సంబంధం కుదిరింది. కుదిరిందంటే, ఓ మెలికతో. పెళ్ళికొడుకు తల్లి మాట నాన్చే మనిషి కాదు. సొంత తమ్ముణ్ణి తాగుడికే పోగొట్టుకుందామె.

"పెళ్ళి కేకు మీ అబ్బాయే చేయాలి వదినగారూ. తనే మోసుకొచ్చి బల్ల మీద పెట్టాలి, ఒళ్ళు తెలిసి. ఆ మాత్రం చేయలేకపోతే ఆ మనిషితో మాకు చుట్టరికం వద్దు."

తాగుడు మానడానికి అతను ఆస్పత్రిలో చేరాడు. చిక్కి సగమై, కళ్ళు మాత్రం తేటపడి తిరిగొచ్చాడు. ఇంట్లో మందు అన్న మాట వినబడకూడదన్నారు డాక్టరు. అత్తాకోడళ్ళు ఇల్లంతా గాలించారు. దగ్గుమందు సీసా కూడా మిగల్చలేదు.

ఆఖరికి పెళ్ళి కేకు పండ్ల దగ్గర ఆగారు. మామగారి కాలం నుంచీ ఆ బేకరీలో ఒకటే పద్ధతి. ఎండుద్రాక్ష, చెర్రీ, ఖర్జూరం ముక్కలు గాజు జాడీల్లో వేసి, రమ్ము పోసి, బట్టీ పైనున్న అలమరలో వారాల తరబడి నానబెట్టడం. ఆ వెచ్చదనానికి పండ్లు బొద్దుగా ఉబ్బుతాయి.

"రమ్ము ఎందుకత్తయ్యా? నారింజరసం పోద్దాం!" అంది కోడలు, గంతేసినంత పని చేస్తూ.

"రసంలోనా? మీ మామగారు వింటే గోడ మీద ఫోటోలోంచి దిగొస్తారు."

"దిగొస్తే మంచిదేగా అమ్మా, ట్రేలు మోయడానికి ఓ మనిషి దొరుకుతాడు," అన్నాడతను. "రసమే పోయండి. నేను మారినప్పుడు నా పండ్లు మారవా?"

ముగ్గురూ నవ్వారు. ఆ ఇంట్లో ముగ్గురూ కలిసి నవ్వి ఎన్నాళ్ళైందో. కోడలే నారింజలు పిండింది, కోడలే జాడీలు నింపింది, స్టూలెక్కి బట్టీ పైన వరసగా పెట్టింది కూడా కోడలే. జాడీలు ఎప్పుడూ ఉండే చోటు అదే కదా.

తర్వాతి రోజులు పంచదార పాకంలా సాగాయి. అతను తెల్లారకముందే లేచి, ఏదో కూనిరాగం తీస్తూ పిండి పిసికేవాడు. టీచరమ్మ ఓ ఉదయం, అతను కౌంటర్లో ఉండగానే, రోడ్డు దాటి వచ్చి రెండు బన్నులు అడిగింది. కోడలు ఆ సంతోషానికి మూడోది ఊరికే ఇచ్చింది.

ఓ రోజు జాడీల్లో సన్నటి బుడగలు కనిపించాయి. ముత్యాల్లా ఒకదాని వెంట ఒకటి పైకి పాకుతున్నాయి. "అత్తయ్యా, రండి రండి, పండ్లు ఊపిరి పీలుస్తున్నాయి!" అంటూ ఆమె చప్పట్లు కొట్టింది. అతనూ వచ్చాడు. మూత తీశాడు. టప్పుమంది. వాసన చూసి, మూత మెల్లగా బిగించాడు.

"రోజూ కలుపుతుండాలి. నువ్వు స్టూలెక్కకు, పడతావ్. నేను చూసుకుంటాలే."

ఎంత శ్రద్ధో, అనుకుందామె.

కేకు కాల్చే రోజు చూస్తే జాడీల్లో చుక్క రసం లేదు. "రసమంతా ఏమైందండీ?"

"పండ్లు తాగేశాయే పిచ్చిదానా," అన్నాడు. ఇద్దరూ పకపకా నవ్వారు.

పెళ్ళి రోజు మధ్యాహ్నం కోడలు బట్టీ గదిలోకి వెళ్ళేసరికి మూడంతస్తుల కేకు బల్ల మీద మెరుస్తోంది. మల్లెమొగ్గల్లాంటి క్రీము పూలు, ఒక్క గీత వంకర లేదు. దాని పక్కన నేల మీద, మైదా బస్తాకి ఆనుకుని అతను. కాళ్ళు బారజాపి, తనలో తనే నవ్వుకుంటున్నాడు.

ఆమె బస్తాల వెనక చూసింది. బల్ల కింద, ట్రేల మధ్య, అతని జేబుల్లో వెతికింది.

"సీసా ఎక్కడ దాచారు? ఎవరు తెచ్చిచ్చారు?"

"ఎవరూ తేలేదు." అతను చేయెత్తి బట్టీ పైన అలమర చూపించాడు. కొత్త జాడీలు రెండు, వాటి నిండా బుడగలు. "మొదటివి నువ్వే పెట్టావుగా. ఆ వేడికి రసం పులిసింది. తర్వాత నేనే కొత్త రసంలో కాస్త పంచదార, రొట్టెల ఈస్టు చిటికెడు... అంతే."

"బుడగలు చూసిన రోజే తెలుసా మీకు?"

"వాసనకే తెలిసింది."

"ఒక్క మాట చెప్పొచ్చుగా!"

అతను ఆమెను చాలా ప్రేమగా చూశాడు. "చెప్తే పారబోసేదానివిగా."

గుమ్మంలో చిట్టి నిలబడి ఉంది, సగం అల్లిన జడతో. అన్నయ్య గోడ పట్టుకుని లేచి, కేకు వైపు రెండు చేతులూ చాచాడు.

"ముట్టుకోకు!" అని అరిచింది చిట్టి. వెనకే వచ్చిన తల్లి కొడుకు వైపు చూడకుండా కేకు బయటికి తీయించి, అతన్ని లోపలుంచి, షాపుకి తాళం వేసింది.

హాల్లో కేకును కోడలు మోసుకొచ్చి బల్ల మీద పెట్టింది. పెళ్ళికొడుకు తల్లి ఆమె వెనక్కి చూసింది. ఎవరూ రాలేదు.

"ఆయనకి జ్వరమండీ," అంది కోడలు.

ఆ పెద్దావిడ వంగి కేకు వాసన చూసింది. "మందు కలిపారా?"

"లేదండీ, నారింజరసమే." అది నిజమే.

పెద్దావిడ చిట్టి దగ్గరికి వెళ్ళింది. కోపంగా కాదు, అలసిపోయినట్టు మాట్లాడింది. "నీ తప్పేం లేదమ్మా. పెళ్ళి ఆపను. కానీ ఆ పుట్టింటి గుమ్మం మళ్ళీ తొక్కనని చెప్పు. ఆ మనిషి మా గుమ్మం ఎక్కకూడదు. నేనొకసారి చూశాను, ఇంకోసారి చూడలేను."

చిట్టి వదిన వైపైనా చూడలేదు. "తొక్కనండీ," అంది. ఎప్పటి నుంచో నోట్లో ఉన్న మాటలా వచ్చింది.

కేకు అద్భుతంగా ఉందని అందరూ మరో ముక్క అడిగి తిన్నారు.

చీకటి పడేవేళ ఆమె ఒక్కతే వచ్చి తాళం తీసింది. అతను మొహం కడుక్కుని, తల దువ్వుకుని, స్టూలు మీద బుద్ధిగా కూర్చున్నాడు. బల్ల మీద పిండితో చేసిన పిచ్చుక ఒకటి, ఇంకా కాల్చలేదు.

"చిట్టి తిన్నదా? బాగుందందా?"

"బాగుందంది."

"మరి ఎప్పుడొస్తుందట?"

ఆమె స్టూలు అడగలేదు. మునివేళ్ళ మీద లేచి జాడీలు రెండూ దించి, తూములో వంచింది. కడిగింది. మళ్ళీ కడిగింది. ఎంత కడిగినా నారింజ వాసన పోవడం లేదు.

"చెప్పవేమే, ఎప్పుడొస్తుందట?" అని వెనక నుంచి అడుగుతూనే ఉన్నాడతను.