ఆయ్ అన్నదెవరికి?

గంజి వార్చి, ఉప్పు కలుపుతూ కృపావతి వింటోంది. వసారాలో రాజ్ కుమార్ చదువుతున్నాడు. అమలాపురం కాలేజీలో తెలుగు చెబుతాడు. చర్చి పాస్టరు దానం అయ్యగారి జీవితచరిత్ర రాసే పని సంఘం అతనికి అప్పగించింది. ఆమె ముప్ఫయ్యేళ్లుగా అయ్యగారికి వండిపెట్టే మనిషి గనుక, తప్పులుంటే చెప్పమన్నాడు.

తొంభయ్యారు తుఫానప్పుడు అయ్యగారు చర్చిలో జ్వరంతో పడివుంటే, తెల్లచీర కట్టిన స్త్రీ ఒకతె వచ్చి, గంజి తాగించి మాయమైందట.

కృపావతి గరిటె పక్కన పెట్టింది.

“అది నేనేనండి బాబూ. పడిపోయిన కొబ్బరిచెట్లు ఎక్కి దిగి వచ్చేను. తెల్లచీర నాకెక్కడిదండి? మాయమూ అవలేదు, గిన్నె కడుక్కుని ఇంటికెళ్లేను.”

“ఆయ్, నిజమేనండి అత్తయ్యగారూ. గిన్నె కడిగేరని రాస్తే చదివేవాళ్లకి ఒళ్లు పులకరించదండి మరి.”

పుస్తకంలో ఇంకెక్కడైనా తను ఉందా అని అడిగింది. అతను కాగితాలు తిరగేసి, ఉన్నారండి, అక్కడా దేవదూతేనండి అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదామెకి.

అతను వెళ్లాక అంట్లు తోముతుంటే అనుమానం పట్టుకుంది. ఇంతకీ ఆ రోజు కట్టుకున్న చీర ఏ రంగు? ఎంత తలచుకున్నా తెల్లగానే కనబడుతోంది. అసలు వెళ్లింది తనేనా? చెప్పగల మనిషి ఒక్కరే ఉన్నారు.

మధ్యాహ్నం, మంచం పట్టిన అయ్యగారి పక్కన కూర్చుని, చెంచాతో గంజి పోస్తూ అడిగింది.

“ఆవేళ గంజి తెచ్చింది నేనేనా, అయ్యగారండీ?”

ఆయన ఆమె భుజం మీదుగా గుమ్మంవైపు చూశారు.

“ఆయ్,” అన్నారు.

కృపావతి చెయ్యి ఆగిపోయింది. ఇన్నేళ్లలో ఆమె ఏమడిగినా ఆయన “ఊ” అనడమే. ఆయ్ అనేది పెద్దవాళ్లకి, ప్రార్థనలో ప్రభువుకి. వెనక్కి తిరిగి చూసింది. గుమ్మంలో ఎవరూ లేరు. మళ్లీ అడుగుదామని ఇటు తిరిగేసరికి, ఆయన పెదవి చివర నుంచి గంజి జారుతోంది. చెంగుతో తుడిచింది. ఊపిరి లేదు.

సాయంత్రానికి ఊరంతా చేరింది. రాజ్ కుమార్ ఆమెను పెరట్లోకి పిలిచి, ఆఖరి మాటేమిటని అడిగాడు. చెప్పింది.

“ప్రభువు పిలిస్తే ఆయ్ అన్నారన్నమాట,” అంటూ కళ్లు తుడుచుకున్నాడు.

“నేనొకటి అడిగేనండి బాబూ...” అని ఆగింది. ఆ చూపు గుర్తొచ్చింది. “ఏమోనండి.”

అయ్యగారిని చర్చికి మోసుకెళ్లాక, గది ఊడుస్తుంటే కిటికీ గట్టు మీద కనబడింది, పొద్దున్న స్నానానికి తీసి తిరిగి పెట్టడం తనే మరచిపోయిన చెవి మిషన్. అది లేకపోతే ఆయనకి చర్చి గంట కూడా వినబడదు. కృపావతి దాన్ని తీసి గుప్పిట్లో పెట్టుకుంది. బ్యాటరీ ఇంకా ఉన్నట్టుంది, సన్నగా కూస్తూనే ఉంది.