చప్పుడు దరఖాస్తు

సిరిసిల్లలో సాంచల వాడలో ఉంటూ ‘చప్పుడవుతున్నది’ అని మున్సిపాలిటీకి దరఖాస్తు పెట్టిన మనిషి ఒక్కతే, సత్యవ్వ. మరమగ్గాన్ని అక్కడ సాంచ అంటారు. రాత్రీ పగలూ అవి దడదడలాడుతూనే ఉంటాయి. ఆ మోతలో నిద్రపోయే పసిపిల్లలు మోత ఆగితేనే ఉలిక్కిపడి లేస్తారు. అలాంటి చోటి నుంచి ‘గోడ చప్పుడు చేస్తున్నది, పాణాలు పోతయి’ అని ముసలమ్మ రాయించుకొస్తే గుమాస్తా ఏం చేశాడయ్యా అంటే, శబ్ద కాలుష్యం ఫైలులో పడేశాడు. నెలకు జవాబొచ్చింది: ‘మగ్గాల ప్రాంతంలో శబ్దం సహజం. ఫిర్యాదు పరిష్కరించబడినది.’ చదివి వినిపించిన బిడ్డ శ్రీవాణి పడీ పడీ నవ్వింది. సత్యవ్వకు ఒళ్లు మండిపోయింది.

ఆ గోడ రాజలింగంది. పాత మిద్దె మీద అనుమతీ గినుమతీ లేకుండా ఇంకో అంతస్తు లేపి, పన్నెండు సాంచలు పైకెక్కించిన ఘనుడు. ఆ గోడను ఆనుకునే అతని రేకుల షెడ్డు. చుట్టుపక్కల సాంచలకు కావలసిన నూలు కండెలను తొమ్మిది మంది ఆడవాళ్లు అందులో కూర్చుని చుడతారు. ముప్పై ఏళ్లు ఆ గోడకే వీపు ఆనించి కండెలు చుట్టింది సత్యవ్వ. పై అంతస్తు లేచాక, సాంచల మోత అడుగున ఇంకేదో సన్నగా గొరుకుతున్నట్టు ఆమె వీపుకు తెలిసింది. అడిగిన పాపానికి రాజలింగం పనిలోంచి తీసేశాడు. ఇప్పుడు ఆ జాగాలో శ్రీవాణి కూర్చుంటోంది. తల్లికి కంటి మీద కునుకు లేనిది అందుకే.

“గా పని ఇడ్సిపెట్టు బిడ్డా.”

“ఇడ్సిపెట్టి ఏం తిందం అవ్వా? అందరికి లేని భయం నీకే ఎందుకు?”

రెండో దరఖాస్తుకు నోటీసు ఇచ్చామన్నారు. మూడోదానికి ఉలుకూ పలుకూ లేదు. చెవిటివాని ముందు శంఖం ఊదినట్టే అయింది. నాలుగోసారి ఆమె కాగితం ఇవ్వలేదు. ఆఫీసు మెట్ల మీద మూడు రోజులు కూర్చుంది. ఆ పోరు పడలేక, కొత్తగా వచ్చిన టౌన్ ప్లానింగ్ అధికారి కరుణాకర్ ఒక మధ్యాహ్నం తానే బయల్దేరాడు.

వచ్చి చూస్తే గోడకు కొత్త ప్లాస్టరింగ్, దాని మీద నీలం రంగు. చెయ్యి పెట్టి చూశాడు, వేళ్లతో తట్టి చూశాడు.

“నాకేం కనవడ్తలేదు అవ్వా,” అన్నాడు ఆమె చెవి దగ్గరికి వంగి.

“కనవడది సారు. ఇనవడ్తది.”

“గీ మోతల ఏమినవడ్తది?”

“ముసల్దానికి చెవుడు సారు,” అని నవ్వాడు రాజలింగం. “ఉన్నయి ఇనవడయి, లేనియి ఇంటది.”

“అయితే సాంచలు బంద్ వెట్టియ్యున్రి,” అంది సత్యవ్వ.

“ఆయనయి బంద్ వెట్టిస్త. మరి వాడంత ఎవలు బంద్ వెడ్తరు? గంత అధికారం నాకు లేదు,” అన్నాడు కరుణాకర్, ఆపించమని రాజలింగానికి సైగ చేస్తూ.

నిజమే. మీటరు లెక్కన కూలి వచ్చేవాళ్లు అందరూ. సాంచ ఆగితే పొయ్యి ఆగినట్టే. సత్యవ్వ వెళ్లి ఎదురింటి గడపలో నిలబడింది. మోతలో మాట వినబడదు కనుక ఆ వాడలో అందరూ సైగలతోనే మాట్లాడుకుంటారు. ఆమె అరచేయి ఎత్తి పిడికిలి ముడిచింది. ఆపు, అని. లోపల హన్మండ్లు ఆమె ముఖంలోకి చూశాడు. ఇరవై ఏళ్లు ఆమె చుట్టిన కండెలతో నేసినవాడు, ఒక్కటి వదులుగా వచ్చిందని ఎరగడు. ఎందుకని అడగలేదు. స్విచ్ ఆపేశాడు. ఆపి, తానూ బయటికొచ్చి పక్కింటి గడపలో పిడికిలి ముడిచాడు.

ఆ ఇల్లాగింది. దాని పక్కది ఆగింది. సందు మలుపు దాటి, ఆమె కంటికి ఆనని ఇళ్లు కూడా ఒక్కటొక్కటే ఆగిపోతుంటే సత్యవ్వ అటు చెవి తిప్పింది. తన కోసమేనా ఇదంతా? కొత్త కోడలిగా ఈ వాడకు వచ్చిననాటి నుంచి కరెంటు పోయినప్పుడు తప్ప ఇంత నిశ్శబ్దం ఎరగదు. ఇప్పుడు కరెంటు ఉంది. మనుషులే ఆపారు. ఎక్కడో పోపు చిటపటలాడింది. రేకుల కింద శ్రీవాణి ఎవరితోనో మెల్లగా మాట్లాడుతోంది. తన బిడ్డ గొంతు అంత మెత్తనిదని ఆ తల్లికి అప్పుడే తెలిసింది.

అప్పుడు గోడ వినిపించింది. కిర్... కిర్... ఎలుక కొరుకుతున్నట్టు, ఆగి ఆగి. సాంచ ఒక్కటీ ఆడడం లేదు, అది మాత్రం ఆగలేదు. నీలం రంగు కింద నుంచి సన్నటి దుమ్ము రాలింది. రాజలింగం నవ్వు ముఖం మీదే చచ్చిపోయింది.

“అందరు బయటికి నడువున్రి,” అన్నాడు కరుణాకర్. గట్టిగా అనాల్సిన అవసరం కూడా లేకపోయింది.

పై అంతస్తు నేతగాళ్లు దిగొచ్చారు, షెడ్డులోని తొమ్మిది మందీ వచ్చేశారు. టిఫిన్ డబ్బా కోసం వెనక్కి తిరిగిన శ్రీవాణిని సత్యవ్వ జుట్టు పట్టి ఈడ్చుకొచ్చింది. పావుగంట కాలేదు, గోడ కడుపు ఉబ్బినట్టు ఉబ్బి, పై అంతస్తుతో సహా ఆ షెడ్డు మీద కూర్చుండిపోయింది. దుమ్ము సర్దుకున్నాక చూస్తే రేకు జాడ లేదు, రాట్నం జాడ లేదు.

ఎవరూ వెళ్లి స్విచ్ వెయ్యలేదు. సత్యవ్వ బిడ్డ చెయ్యి పట్టుకుని నడిరోడ్డు మీద చతికిలబడింది. కరుణాకర్ వచ్చి ఆమె ఎదురుగా దుమ్ములోనే గొంతుక్కూర్చున్నాడు.

“అవ్వా,” అన్నాడు, చిన్నపిల్లవాడు బడిలో అడిగినట్టు, “ఇంకేడన్న ఇనవడ్తున్నదా?”

ఆమె తల కొంచెం పక్కకు వాల్చింది.

“రెండిండ్ల అవుతల,” అంది సత్యవ్వ, లేచి కొంగు దులుపుకుంటూ. “రాన్రి సారు.”